పెరటి చెట్టు మందు: సిరోంచ సీమను గూర్చి కొన్ని మాటలు

పెరటి చెట్టు మందునకు పనికిరాదని పెద్దలొక సామెత చెప్పుదురు. చేరువనున్న వస్తువునందు మనకు గౌరవము కలుగదని దాని భావము. ఈ సామెత మన సిరోంచ తాలూకా విషయమున అక్షరాల నిజమైనది. సెలవులలో ఏమి చూచి వచ్చితివని ఒక బాలుని అడిగినచో, హైదరాబాదు చూచితిననియో, నాగపూరు చూచితిననియో ఉత్సాహముతో చెప్పును. సోమనూరు సంగమమును చూచితివా, కోట గ్రామపు రాళ్లను గూర్చి వింటివా అని అడిగినచో, "అచ్చట చూచుట కేమున్నది?" అని ఎదురు ప్రశ్న వేయును. తప్పు బాలునిది కాదు. అచ్చట ఏమున్నదో వానికి చెప్పినవారు లేరు. చదువుకొందమన్నను చెప్పు పుస్తకము లేదు.

ఇట్లగుటకు కారణము లేకపోలేదు. మహారాష్ట్ర భూగోళమును వ్రాయువారు కొంకణముతో మొదలిడి, సహ్యాద్రి దిగి, మరాఠ్వాడాను దాటి, విదర్భములో నడచి నడచి మన యొద్దకు వచ్చుసరికి పుటలు ముగియును. తెలంగాణ భూగోళమును వ్రాయువారు నది ఒడ్డువరకు వచ్చి నిలిచిపోవుదురు. ఛత్తీస్‌గఢ్ వారికి ఇంద్రావతి యే హద్దు. ఇట్లు మూడు రాష్ట్రముల పటములందును మనము అంచున నున్నాము. ఏ పటమునందును నడుమ లేము. అంచున నున్నదానిని ఎవరును సమగ్రముగ వర్ణింపరు.

ఈ సీమను సమగ్రముగ చూడగలవారెవరు? నదికి ఈవలి ఒడ్డు మాటయు, ఆవలి ఒడ్డు మాటయు తెలిసినవారు. తెలుగును, మరాఠీని రెంటిని చదివి వ్రాయగలవారు. అట్టివారు మన పాఠశాలల విద్యార్థులే. కావున ఈ సీమను గూర్చిన గ్రంథమును సిద్ధము చేయవలసిన బాధ్యత మన పిల్లలదనియు, ఆ పనికి తెలుగు చదువు ఆటంకము గాక ఆధారమే యగుననియు ఈ వ్యాసమున విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మనవి చేయ దలచితిని.

మొదట నదుల మాట. నాసిక్ జిల్లాలోని త్ర్యంబకేశ్వరమున పుట్టిన గోదావరి నాందేడ్ జిల్లాను విడిచి, కందకుర్తి యొద్ద తెలంగాణములో ప్రవేశించును. అంతటితో మహారాష్ట్రమునకును దానికిని సంబంధము తీరినదని అనేకులు తలతురు. కాని ఆ నది వందల కిలోమీటర్లు నడచి, తిరిగి మన సిరోంచ తాలూకా దక్షిణపు గట్టును తాకి, తాను పుట్టిన రాష్ట్రమును మరియొకసారి చూచిన పిమ్మటనే సముద్రమునకు పోవుచున్నది. పడమట మనకు ప్రాణహిత. మధ్యప్రదేశమున సివనీ జిల్లాలో పుట్టిన వైన్‌గంగయు, బేతూల్ జిల్లాలో పుట్టిన వర్ధయు తుమ్మిడిహెట్టి యొద్ద కలియగా ఈ నది యేర్పడుచున్నది. దీని పొడవు 113 కిలోమీటర్లు మాత్రమే. అయినను ఇది మోసికొని వచ్చు నీరు పొట్టి నది నీరు కాదు. గోదావరి పరీవాహక ప్రదేశమంతటిలో మూడవవంతునకు మించిన భూమి మీది వాన ఈ నది ద్వారముననే గోదావరిని చేరుచున్నది. తూర్పున ఒడిశాలో కాలాహండి కొండలయందు పుట్టి, బస్తరును తడిపి వచ్చు ఇంద్రావతి. అది సోమనూరు యొద్ద గోదావరిలో కలియును. ఆ సంగమమున నిలుచున్నవానికి మహారాష్ట్రము, తెలంగాణము, ఛత్తీస్‌గఢ్ మూడును ఒక్క చూపులో కనబడును.

మూడు దిక్కుల మూడు మహానదులు గల తాలూకాలు మన దేశమున ఎన్ని యున్నవో విద్యార్థులు పటమును ముందిడుకొని వెదకి చూడవలెను. అప్పుడు "మాది చివరి ఊరు" అనుమాట నోట రాదు. నదుల లెక్కలో మనది చివర కాదు. పలు రాష్ట్రముల నీళ్లు వచ్చి కలియు చోటు.

ఇక చరిత్ర. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమగట్టు నందలి తాలూకాలను ఆంగ్లేయులకు వదలెను. ఆ తాలూకాలతో ఎగువ గోదావరి జిల్లా అను జిల్లా నొకదానిని ఏర్పరచి, దానికి సిరోంచను ముఖ్యపట్టణముగ చేసిరి. శ్రీరాముడు వెలసిన భద్రాచలము సైతము ఆనాడు ఈ జిల్లాలోనిదే. భద్రాచలపు ప్రజలు దొరగారితో పని యున్నచో సిరోంచకు రావలసిన కాలమొకటి యుండెనని విన్నచో మన పిల్లలకు ఆశ్చర్యము కలుగును. 1874లో ఆ జిల్లా రద్దయ్యెను. భద్రాచలము మద్రాసు రాజధానిలో చేరెను. సిరోంచ చాందా జిల్లాలో చేరెను. పిమ్మట మన తాలూకా మధ్యరాష్ట్రములలో నుండి మధ్యప్రదేశమునకును, 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందెను. 1982 ఆగస్టు 26న చంద్రపూరు జిల్లాను విభజించి గడ్చిరోలి జిల్లాను ఏర్పరచిరి. మన పూర్వులు ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. వారి ఊరి పైనుండి ఇన్ని పాలనములు వచ్చి పోయినవి. ఇన్ని మార్పులలోను మారక నిలిచినది వారి నోటి మాట యొక్కటే.

ఆ కాలముననే గోదావరీ ప్రాణహితలను పడవల దారిగ మార్చవలెనని గొప్ప ప్రయత్నము జరిగినది. ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఈ ఆలోచనను బలపరచెను. బేరారు దేశపు ప్రత్తిని పడవలమీద సముద్రమునకు చేర్పవలెనని వారి సంకల్పము. నదిలో మూడుచోట్ల రాతి అడ్డంకు లుండెను: ఒకటి దుమ్ముగూడెము నొద్ద, రెండవది ఇంచంపల్లి నొద్ద, మూడవది ప్రాణహితపై దేవలమర్రి నొద్ద. ఎన్నో యేండ్లు పని చేసి, ఎంతో ధనము వెచ్చించి, తుదకు 1871లో ఆ ప్రయత్నమును మానుకొనిరి. ప్రత్తి రైలు దారిని పోయినది. ఆ పడవల దారియే సిద్ధించి యుండినచో సిరోంచ నేడు నదీతీరమందలి గొప్ప వర్తక స్థానమై యుండెడిదేమో! ఒక ఊరి భాగ్యము ఎట్టి చిన్న కారణములచేత మారిపోవునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. కాని ఈ పాఠము మన పాఠ్యపుస్తకములలో లేదు.

మన రాళ్ల కథ ఇంకను పురాతనమైనది. ప్రాణహిత ఒడ్డున మన తాలూకాలో కోట అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామపు సున్నపురాళ్లలో దొరకిన చేపల శిలాజములను 1851 నాటికే ఇంగ్లండులోని పండితులు వర్ణించి యుండిరి. నాగపూరులో నుండిన స్టీఫెన్ హిస్లాప్ అను క్రైస్తవ మతబోధకుడు ఈ రాళ్లను శ్రద్ధతో పరిశీలించెను. నేడు ప్రపంచమందలి భూగర్భ శాస్త్రజ్ఞులు జురాసిక్ యుగపు ఈ శిలాశ్రేణిని ఏ పేరున పిలుచుచున్నారో యెరుగుదురా? "కోట" అనియే. మన యూరి పేరు లండనులోను, న్యూయార్కులోను పండితుల నోట పలుకుచున్నది. మన తరగతిగదిలో మాత్రము పలుకుట లేదు.

1958 మొదలు పోచంపల్లి గ్రామ సమీపమున పెద్ద పెద్ద యెముకలు కనబడగా, కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు వచ్చి త్రవ్వకములు జరిపిరి. సుమారు మూడు వందల యెముకలు, రాయిగ మారిన వృక్షముల మ్రానులతో కలిసి బయటపడినవి. అవి ఒక రాక్షసబల్లివి కావు, కనీసము ఆరింటివి. తొడయెముక యొక్కటియే మనిషి యెత్తునకు సమానముగ, ఇంచుమించు 1.7 మీటర్లున్నది. 1975లో ఆ జంతువునకు బారపాసారస్ టాగోరై అని నామకరణము చేసిరి. బారపా యనగా పెద్ద కాలు. రవీంద్రనాథ టాగూరు శతజయంతి సంవత్సరమగు 1961లో త్రవ్వకములు సాగినందున ఆ మహాకవి పేరును జోడించిరి. ఆ అస్థిపంజరము నేడు కలకత్తాలో ఆ సంస్థవారి ప్రదర్శనశాలలో నిలిచి యున్నది. నదికి ఆవల, నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి యొద్ద ఇట్టిదే మరియొక జంతువు దొరకినది. దానికి 1988లో కోటసారస్ అని పేరిడిరి. అదియు మన కోట పేరే. అది హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున నున్నది. నేటి రాష్ట్రముల హద్దు ఆ జంతువులకు తెలియదు. నదికి ఇరువైపుల రాయి యొక్కటే. మన యొద్ద వడదం గ్రామ సమీపమున అటవీశాఖవారు శిలాజవనమును ఏర్పరచినారు. కలకత్తాకును, హైదరాబాదుకును పోయి చూడవలసిన దాని పుట్టిల్లు మన పొరుగుననే యున్నది.

అడవుల మాట విడిచినచో మన సీమ వర్ణన పూర్తికాదు. ఆలపల్లి టేకు పేరు దేశమంతట తెలిసినదే. ఆలపల్లిలోని "వనవైభవము" అను పురాతన వనఖండమును 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటించిరి. మహారాష్ట్రమున అట్టి గౌరవము పొందిన మొదటి స్థలమిదియే. కమలాపూరునందు ఏనుగుల శిబిరము కలదు. కోలామార్కా అడవిలో అడవియెనుములు మిగిలి యున్నవి. మధ్యభారతమున ఇవి దాదాపు అంతరించిపోవు దశలో నుండుటచే 2013లో ఆ చోటును సంరక్షణ ప్రదేశముగ ప్రకటించిరి. వేసవిలో మన యూళ్లలో తునికాకు కోయని యిల్లు, ఇప్పపువ్వు ఏరని యిల్లు అరుదు. అడవి మనకు విహారస్థలము కాదు, అన్నము పెట్టు తల్లి. ఈ భేదమును బయటినుండి వచ్చువారికి తెలియజెప్పవలసినవారము మనమే.

ఈ నేలమీద నివసించు జనులను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు కొంత నెమ్మదిగ ఆలోచింపవలెను. గోండులు, మాడియాలు, తెలుగువారు, మరాఠీవారు, ఛత్తీస్‌గఢీ మాటాడువారు, బంగాళము నుండి వచ్చి స్థిరపడినవారు, అందరును ఈ జిల్లాలో కలిసి యున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము జిల్లా జనసంఖ్య 10 లక్షల 72 వేలకు పైబడినది. శ్రావణ బహుళ అమావాస్యనాడు మరాఠీవారు పోళా యని ఎడ్లను అలంకరించి పూజింతురు. అదే దినమున ఆదిలాబాదు ప్రాంతపు తెలుగువారు పొలాల అమావాస్య యని అదే పని చేయుదురు. భాద్రపదము ముగియగానే మన వీథులలో తంగేడు, గునుగు పూలతో బతుకమ్మలు లేచును. మాడియా గూడెములలో రేలా పాటలకు అడుగులు కదలును. 1858లో ఆంగ్లేయులపై తిరుగబడి, ఆ యేటి అక్టోబరు 21న చాందా చెరసాలలో ఉరికంబ మెక్కిన బాబూరావు శెడ్మాకే ఈ అహేరి ప్రాంతపు గోండు వీరుడే.

గోండు భాషను కొందరు తక్కువగ చూతురు. ఇది అజ్ఞానము. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును, గోండిని ద్రావిడ కుటుంబములో ఒకే శాఖకు చెందినవిగ నిర్ణయించినారు. గోండు బాలుడు మన తరగతిలో కూర్చున్నప్పుడు, వాడు మన పినతల్లి బిడ్డ యని తలపవలెను. మన తెలుగును మరాఠీవారు గౌరవింపవలెనని కోరు మనము, గోండిని మనము గౌరవింపకున్న ఆ కోరికకు అర్థమేమి?

ఇప్పుడు యాత్రికుల సంగతికి వత్తము. మనకు ఎదురుగ ఆవలి ఒడ్డున కాళేశ్వరము. ఒకే పానవట్టముపై కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు అని రెండు లింగములుండుట ఆ క్షేత్రపు విశేషము. శ్రీశైలము, ద్రాక్షారామములతో కలిపి దానిని త్రిలింగములలో ఒకటిగ చెప్పుదురు. త్రిలింగము నుండియే తెలుగు అను పేరు వచ్చినదని కొందరు పండితుల మతము. 2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరములకును, 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకును జనులు లక్షలుగ తరలి వచ్చిరి. ఒకప్పుడు నాటుపడవలమీద దాటిన నదులపై గడచిన పదేండ్లలో వంతెనలు వెలసినవి. నిజామాబాదు నుండి జగదల్‌పురమునకు పోవు జాతీయ రహదారి మన మీదుగనే పోవుచున్నది. అయినను మన ఒడ్డున నిలిచి చూచువారు కొద్దిమంది. నదిలో మునిగి, గుడిలో దండము పెట్టి, వచ్చిన దారినే మరలిపోవుచున్నారు.

దీనికి తప్పు ఎవరిదని విచారించినచో, రహదారులు పాడైనవని కొందరు, వసతులు లేవని కొందరు చెప్పుదురు. అవి నిజములే. కాని వానికంటె పెద్ద కారణమొకటి కలదు. నాలుగు దశాబ్దములకు పైగా అడవులలో సాగిన సాయుధ సంఘర్షణ వలన గడ్చిరోలి యన్న పేరు పత్రికలలో కాల్పుల వార్తలందే కనబడుచు వచ్చినది. బయటివాడు మన జిల్లాను గూర్చి చదివిన దంతయు అదియే. మన కథను మనము వ్రాయలేదు గనుక, మన దుఃఖమును మాత్రమే ఇతరులు వ్రాసిరి. మేడిగడ్డ బ్యారేజి విషయమును అట్లే. 2019 జూన్ 21న దానిని ప్రారంభించినప్పుడు ఆవలి ఒడ్డు సంబరము దేశమంతటికిని తెలిసినది. 2023 అక్టోబరులో దాని స్తంభములు కుంగినప్పుడును దేశమంతటికిని తెలిసినది. కాని ఈవలి ఒడ్డున తమ పొలములు ముంపునకు గురియగుచున్నవని మన రైతులు పెట్టిన మొర ఎందరికి వినబడినది? ఒడ్డు రెండైనను నది యొక్కటే. కథ మాత్రము ఒక ఒడ్డుదే వ్రాయబడినది.

కొందరు మిత్రులు, "యాత్రికులు వచ్చిన చాలును, వ్యాపారము వృద్ధియగును, మన పిల్లలకు పని దొరకును" అందురు. ఈ మాటను నేను త్రోసివేయను. కాని యాత్రికులు వచ్చుట మాత్రమే మేలు కాదు. వారు ఎట్లు వచ్చెదరు, ఏమి చూచెదరు, ఏమి విడిచి పోయెదరు అనుటయు ముఖ్యము. శిలాజమును జేబులో వేసికొని పోవువాడు పదునెనిమిది కోట్ల యేండ్ల సాక్ష్యమును దొంగిలించుచున్నాడు. సంగమమున ప్లాస్టిక్ సంచిని పారవేయువాడు నదికి పూజ చేసినవాడు కాడు. మాడియా స్త్రీని అడుగకయే ఛాయాచిత్రము తీయువాడు మనిషిని వింత మృగముగ చూచినవాడు. ఇట్టివారు వేలకొలది వచ్చుటకంటె రాకుండుటయే మేలు. వచ్చినవానికి మర్యాదతో చూపి, హద్దు చెప్పి పంపగల స్థానికులు ముందుగ సిద్ధము కావలెను. వసతిగృహములు ధనమున్నచో ఒక్క యేటిలో కట్టవచ్చును. ఊరిని ఎరిగిన మనిషిని ఒక్క యేటిలో తయారుచేయలేము.

ఆ మనిషికి ఏమి తెలిసి యుండవలెను? మొదట ఈ నేల భాషలు తెలిసి యుండవలెను. ఊరి పేరులనే చూడుడు. ఇంద్రావతి సమీపమున పాతగూడెమను ఊరు కలదు. దేవనాగరి లిపిలో అది "పాతాగుడం" అయినది. ఆ రూపమున చదివినవానికి అది అర్థము లేని శబ్దము. తెలుగు వచ్చిన బాలునికి అది పాత గూడెము. అట్లయిన కొత్త గూడెమేది, జనులు ఎప్పుడు ఎందుకు లేచి పోయిరి అను ప్రశ్న వానికి వెంటనే తోచును. భామరాగడ్ యొద్ద ఇంద్రావతిలో కలియు ఒక నదికి పాముల గౌతమి యని పేరు. మాడియాల నడుమ, మరాఠీ రాష్ట్రమున ప్రవహించు నదికి తెలుగు పేరెట్లు వచ్చెను? తెలుగు తెలియని పండితునకు ఈ ప్రశ్నయే పుట్టదు. మరాఠీ తెలియని తెలుగు పండితుడు అచ్చటి కాగితములను చదువలేడు. గోండి తెలియనివాడు అచ్చటి వృద్ధులను అడుగలేడు. మూడును ఎరిగిన మన బాలుడు మాత్రము అడుగగలడు, చదువగలడు, వ్రాయగలడు.

ఇందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. "తెలుగు చదివిన మా బిడ్డకు మహారాష్ట్రములో ఉద్యోగమెట్లు వచ్చును?" అని మీరు అడుగుట న్యాయమే. బిడ్డ భవిష్యత్తును గూర్చి చింతింపని తల్లిదండ్రులుండరు. ఈ ప్రశ్నకు బదులుగ మాతృభాషాభిమానమను పెద్ద మాటను ముందుంచి మిమ్ము నోరు మూయించుట నాకు ఇష్టము లేదు. మన పిల్లలు మరాఠీని చక్కగ నేర్వవలెను; రాష్ట్రభాష రానివాడు కార్యాలయపు గడప దాటలేడు. ఆంగ్లమును నేర్వవలెను. వానికై పాఠశాల ఇంకను శ్రమింపవలెనని మీరు నిలదీసినచో అది మీ హక్కు. కాని బాలునికి ఇంట తెలిసిన భాషలో ఆలోచించుట అలవడిన పిమ్మట ఇతర భాషలు సులభముగ వచ్చును. పునాది లేని గోడపై అంతస్తులు నిలువవు. మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పు వసతిని అల్పసంఖ్యాక భాషల పిల్లలకు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రముయొక్క విధి యని 1956లో మన రాజ్యాంగమున 350ఎ అధికరణముగ చేర్చిరి. ఇది ఎవరో దయతో ఇచ్చిన బిచ్చము కాదు. మనము అడుగక విడిచినచో మాత్రము ఉన్న హక్కును లేనిదే యగును. తరగతిలో పిల్లలు తగ్గినచో తరగతి నిలువదు. తరగతి పోయిన పిమ్మట హక్కు కాగితముమీద మిగులును.

ఇక చేయవలసిన పని. మన పాఠశాల "సిరోంచ సీమ స్థలగ్రంథము" అను వ్రాతపుస్తకమును ప్రారంభింపవలెనని నా సూచన. దీనికి ధనమక్కరలేదు, నోటుపుస్తకము, కలము, కాళ్లు చాలును. ఆరవ తరగతివారు తమ తమ ఊళ్ల పేరులను, చెరువుల పేరులను, గుట్టల పేరులను వ్రాసి, వాని అర్థములను తాత అవ్వల నడిగి తెలిసికొనవలెను. ఏడవ తరగతివారు తునికి, ఇప్ప, మొర్రి, ఉసిరి మొదలగు చెట్ల పేరులను తెలుగు, మరాఠీ, గోండి మూడు భాషలలోను సేకరించి, ఏది దేనికి పనికివచ్చునో వ్రాయవలెను. పెరటి చెట్టు మందునకు పనికివచ్చునో రాదో అప్పుడు తేలును. ఎనిమిదవ తరగతివారు నదుల కథ వ్రాయవలెను. 1986 ఆగస్టు వరదలో నీరు ఎంతవరకు వచ్చినది, 2022 జూలై వరదలో ఎంతవరకు వచ్చినది, ఎవరి గోడపై గుర్తు మిగిలినదని పెద్దలను అడుగవలెను. తొమ్మిదవ తరగతివారు ఉపాధ్యాయుల వెంట కోట, వడదం ప్రాంతములకు పోయి చూచి రావలెను. ఒక్క రాయినైనను తీయరాదు, వింతయైనది కనబడినచో అటవీశాఖవారికి తెలుపవలెను. పదవ తరగతివారు ఇదంతయు సరిచూచి తెలుగులోను, మరాఠీలోను శుభ్రముగ వ్రాయవలెను. మరాఠీ మాధ్యమపు పాఠశాలల పిల్లలను, గోండు పిల్లలను ఈ పనికి ఆహ్వానింపవలెను. వారు లేక ఈ గ్రంథము పూర్తికాదు.

ప్రాణహితకు పుష్కరములు పండ్రెండేండ్ల కొకసారి వచ్చును. 2022 పిదప మరల వచ్చునది 2034 ప్రాంతమున. నేడు ఆరవ తరగతిలో నున్న బాలబాలికలు నాటికి యువతీయువకులై యుందురు. ఆనాడు ఒడ్డున స్నానము చేసి తల తుడుచుకొనుచు ఏ యాత్రికుడైనను, "ఇచ్చట చూచుట కేమున్నది?" అని అడిగినచో, వానిని సోమనూరు సంగమమునకును, కోట రాళ్లకును, ఆలపల్లి వనమునకును కొనిపోయి, తెలుగువానికి తెలుగులోను, మరాఠీవానికి మరాఠీలోను, తడుముకొనక చెప్పగల సమర్థులు మన ఊరిలో నూరుమందియైనను ఉండవలదా?

విద్యార్థులారా, ఆ నూరుమందిలో మీరొకరు కావలెనన్నచో పండ్రెండేండ్లు ఆగనక్కరలేదు. రాబోవు ఆదివారమున మీ యింటి ముసలివారి యొద్ద కూర్చుండి, మన ఊరికి ఈ పేరెట్లు వచ్చినదని అడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని సోమవారము పాఠశాలకు తెండు. గ్రంథములో అదియే మొదటి పుట యగును.